తలుపులు మూసుకున్న క్రిస్మస్‌కి చేతినిండా పని

వీడియో కాల్‌లో నాలుగిళ్ల వాళ్లు కలిసి క్రిస్మస్ పాట ఎత్తుకుంటే రెండో లైనుకే తాళం తప్పుతుంది. ఒకళ్లు వెనకబడతారు, వాళ్లు అందుకుంటారని ఇంకొకళ్లు ఆగుతారు, పాట సాగి సాగి చివరికి ఎవరో ఒకళ్లు నవ్వేసి ఆపేస్తారు. కరోనా వల్ల తలుపులు మూసుకున్న 2020 క్రిస్మస్‌కి చాలా ఇళ్లలో జరిగింది ఇదే. ఆ తర్వాత చాలామంది పాటలు మానేసి, ప్రత్యక్ష ప్రసారంలో ఆరాధన చూసి ఊరుకున్నారు. ప్రసారం చూడటంలో తప్పులేదు. కానీ రోజంతా అదే అయితే ఇంట్లో ఉన్నవాళ్లంతా ప్రేక్షకులైపోతారు. 2021 చివర్లో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ వచ్చి మళ్లీ ఇంటిపట్టునే ఉండమన్నారు. అలా ఇంట్లోనే ఉండాల్సి వస్తే, ఉన్నచోటే ప్రతి ఒక్కరి నోటికీ చేతికీ పని దొరికేలా పండగ ఎలా జరుపుకోవచ్చో వివరంగా చెప్తాం.

ముందు పాట సంగతి. పాట ఎందుకు చెడుతుందో తెలిస్తే మందు తేలికే. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరంలో ఉన్న మనిషి గొంతు మనకి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కలిసి పాడేవాళ్లు సుమారుగా అంతవరకే తట్టుకోగలరు. వీడియో కాల్‌లో ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. రెండొందలు అనుకుందాం. నిమిషానికి 90 దెబ్బల తాళంలో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండేది 667 మిల్లీసెకన్లు. మీ గొంతు అటు చేరడానికి రెండొందలు, అది విని వాళ్లు పాడింది మీకు చేరడానికి ఇంకో రెండొందలు. అంటే మీ లెక్కలో వాళ్లు సగం దెబ్బకి పైగా వెనక ఉన్నారు. వాళ్ల లెక్కలో మీరూ అంతే. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. నెట్ వేగం పెంచినా ఇది పూర్తిగా పోదు.

అందుకని ఒక్కో పాటని ఒక్కో ఇల్లు నడిపించాలి. నడిపించే ఇంటి మైకు ఒక్కటే తెరిచి, మిగతా అందరూ మ్యూట్ చేసుకుని గొంతెత్తి పాడాలి. ప్రతి ఇంట్లో వినిపించేది రెండే: నడిపించే ఇంటి పాట, తమ ఇంటి పాట. ఆ రెండూ కలుస్తాయి. తెరమీద మిగతావాళ్ల పెదవులు పాటకి కలవవు, దాన్ని పట్టించుకోకండి. కష్టమంతా నడిపించేవాళ్లదే, ఎందుకంటే వాళ్లకి ఎవరి గొంతూ వినబడదు, గోడకి పాడినట్టు ఉంటుంది. అందుకే ఒకే ఇంటిమీద భారం వేయకుండా పాటకొక ఇల్లు మారాలి. ఎవరు ఏ పాట, ఏ శృతిలో, ఎన్ని చరణాలు అన్నది ముందురోజే రాసి అందరికీ పంపండి. చరణాలు వదిలేసే అలవాటు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, తేడా వచ్చేది అక్కడే.

ఇంకో చిక్కు ఉంది. ఈ యాప్‌లన్నీ మాటకోసం చేసినవి. కీబోర్డు మీద ఒక స్వరం పట్టి ఉంచితే ఫ్యాను హోరు అనుకుని నొక్కేస్తాయి. అందుకే వాయిద్యం ఒకసారి వినబడి ఒకసారి మాయమవుతుంది. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒరిజినల్ సౌండ్ అనేది ఆన్ చేస్తే ఈ కోత తగ్గుతుంది. అది ఆన్ చేసిన ఇంట్లో స్పీకర్ వాడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేకపోతే ప్రతిధ్వని తిరిగి అందరికీ వెళ్తుంది. రికార్డయిన సంగీతం పెట్టాలంటే ఫోను తీసుకొచ్చి మైకు ముందు పట్టుకోకండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు సౌండ్ కూడా షేర్ చేసే గడి ఉంటుంది, అక్కడ టిక్ పెడితే శుభ్రంగా వెళ్తుంది. ఉచిత ఖాతాలో గ్రూప్ కాల్ 40 నిమిషాలకి తెగిపోతుందని గుర్తుంచుకోండి. 2020 క్రిస్మస్‌కి జూమ్ వాళ్లు ఆ హద్దుని కొన్ని రోజులు ఎత్తేశారు గానీ, దాన్ని నమ్ముకోకుండా 35 నిమిషాల్లో ముగిసేలా వరస వేసుకోవడం మంచిది. నిజానికి చిన్నపిల్లలూ ముసలివాళ్లూ తెరముందు కుదురుగా కూర్చునేది కూడా అంతసేపే.

నాలుగు గొంతులూ ఒకేసారి వినాలని ఉంటే రికార్డు చేసి కలపాల్సిందే. ఇది నిజంగా చేయదగ్గ పని. ఒకరు టిక్కు టిక్కుమని తాళం చూపే మెట్రోనోమ్ పెట్టుకుని పాట పాడి, మొదట్లో నాలుగు టిక్కులూ వెంటనే ఒక చప్పట్లదెబ్బా ఉండేలా నమూనా తయారుచేయాలి. దాన్ని అందరూ చెవిలో వింటూ, ఇంకో ఫోనులో తమ గొంతు రికార్డు చేసుకోవాలి. నమూనాలో చప్పట్లదెబ్బ వినబడినప్పుడు తామూ అదే క్షణంలో ఒక చప్పట్లదెబ్బ కొట్టాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకి కొంత ఆలస్యం ఉంటుంది, అయినా దిగులు లేదు. చెవిలో విన్నదాన్నిబట్టే చప్పట్లూ కొట్టారు, పాటా పాడారు కాబట్టి రెండూ ఒకే పాళ్లలో జరుగుతాయి. కలిపేవాళ్లు ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రాంలో ప్రతి రికార్డింగునీ ఆ చప్పట్ల గీత దగ్గర నిలువుగా ఒక వరసలోకి జరిపితే చాలు, పాట కలుస్తుంది. తర్వాత చప్పట్లు కత్తిరించేయొచ్చు.

రికార్డింగులో ఎక్కువగా చెడేది గొంతు. పక్కింటివాళ్లు వింటారని మెల్లగా పాడతారు, అప్పుడు గొంతుకన్నా ఫ్యాను చప్పుడే పెద్దదవుతుంది. ఫ్యాను ఆపేసి, ఫోను అర మీటరు దూరంలో నోటి ఎత్తున పెట్టి, మామూలుగా పాడినంత గట్టిగానే పాడాలి. నున్నటి గోడలున్న వంటగది కన్నా పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడకగది మేలు. గుడ్డ ప్రతిధ్వనిని తాగేస్తుంది. ఫైలు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. అందరివీ 20వ తేదీకల్లా చేరాలి. కలిపే మనిషికీ పండగ ఉంటుంది కదా.

ఇంత శ్రమ పడే బదులు ఒక గదిలో చేరి పాడుకుంటే పోలేదా అని అడిగేవాళ్లకి ఒకే ఒక్క ఉదాహరణ. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ గాయకబృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది, వాళ్లలో ఒకరికి జలుబులాంటి లక్షణాలు ఉన్నాయి. చివరికి కరోనాతో జబ్బుపడినవాళ్లు ఆ ఒకరితో కలిపి 53 మంది, చనిపోయినవాళ్లు ఇద్దరు. గొంతెత్తి పాడేటప్పుడు మాటలకన్నా ఎక్కువ తుంపరలు గాలిలోకి వెళ్తాయి, మూసిన గదిలో అవి తేలుతూ ఉండిపోతాయి. బయటివాళ్లు రాక తప్పకపోతే పాట ఆరుబయట పెట్టుకోండి. లోపల కూర్చోవాల్సి వస్తే ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. ఒక్కటే తెరిస్తే గాలి అంతగా ఆడదు.

అయితే కిటికీలు తెరిస్తే కొవ్వొత్తులతో పేచీ వస్తుంది. గాలికి కర్టెను లోపలికి ఊగి మంట మీద పడొచ్చు. కొవ్వొత్తికీ కాలే వస్తువు దేనికైనా మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, కర్టెను అయితే కట్టేయాలి. శానిటైజర్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అందులో 60 శాతం పైన ఆల్కహాల్ ఉంటుంది. అది అంటుకుంటే మంట లేత నీలంగా ఉంటుంది, వెలుతురులో దాదాపు కనబడదు. పిల్లలు చేతులకి రాసుకుని వెంటనే కొవ్వొత్తి ముట్టించబోతారు. పూర్తిగా ఆరేదాకా, అంటే 20 నుంచి 30 సెకన్లు, చేతులు రుద్దుకోవాలి. కొవ్వొత్తులు వెలిగించే సాయంత్రం శానిటైజర్ సీసాని ఆ గదిలోంచే తీసేసి సబ్బూ నీళ్లూ వాడటం అన్నిటికన్నా మంచిది. మాస్కు పెట్టుకుని మంట మీదకి వంగకండి. సర్జికల్ మాస్కు ప్లాస్టిక్ పోగులతో చేసింది, కాలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

వాక్యం చదవడం కూడా ఒకరే చదివి మిగతావాళ్లు వినేలా కాకుండా పంచుకోవచ్చు. లూకా సువార్త 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు తీసుకోండి. కథ చెప్పే భాగం ఒక పెద్దవాళ్లకి. 10 నుంచి 12 వచనాల్లో దూత మాటలు ఒకరికి. 14వ వచనం పరలోక సైన్యం స్తుతి, అది ఒక ఇంటివాళ్లంతా కలిసి. 15వ వచనంలో గొర్రెల కాపరుల మాట పిల్లలకి. తర్వాత మత్తయి 2వ అధ్యాయం మొదటి 12 వచనాలు చదివితే 2వ వచనం జ్ఞానులకి, 8వ వచనం హేరోదుకి వస్తాయి. నక్షత్రం కనబడేది మత్తయిలోనే, కాపరులు కనబడేది లూకాలోనే. ఎవరి వంతుకి వాళ్లు మైకు తెరవడంలో ఆలస్యం అవుతుంది కాబట్టి తన ముందు వచనం మొదలవగానే మ్యూట్ తీయాలని ముందే చెప్పుకోండి.

నక్షత్రం అంటే గుర్తొచ్చింది. దాన్ని కొనకుండా పిల్లలచేత చేయిస్తే ఒక మధ్యాహ్నం ఇట్టే గడుస్తుంది. మందపాటి డ్రాయింగ్ అట్ట మీద 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కంపాస్‌ని 17.6 సెంటీమీటర్లకి తెరిచి వృత్తం చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఐదు పడతాయి. ఒక్కో అడుగులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా చివరి గుర్తు దగ్గర అర సెంటీమీటరు అవుతుంది. అలా అయితే కంపాస్‌ని వెంట్రుకవాసి సర్ది మళ్లీ మొదలుపెట్టండి, చివర్లో అడ్డదిడ్డంగా సర్దితే ఒక మొన పొట్టిదవుతుంది. గుర్తులని ఒకటి విడిచి ఒకటి కలుపుతూ గీతలు గీస్తే నక్షత్రం వస్తుంది. ఇలాంటివి రెండు కావాలి. మొనల నుంచి కేంద్రానికి ఐదు గీతలు, లోపలి మూలల నుంచి కేంద్రానికి ఐదు గీతలు గీసి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా నొక్కండి. గాడి పడకుండా మడిస్తే అట్ట పగులుతుంది. మొన గీతలు పైకి ఉబ్బేలా, మూల గీతలు లోపలికి దిగేలా మడవాలి. రెండో నక్షత్రానికి కత్తిరించేటప్పుడే అంచులకి 8 మిల్లీమీటర్ల అతుకు వదలండి. లోపలి మూలల్లో ఈ అతుకులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, అక్కడ ఏటవాలుగా కత్తిరించాలి. రెండు సగాలనీ ఒకే ఎత్తుకి ఉబ్బించాకే జిగురు పెట్టండి. ఒకటి ఎక్కువ ఉబ్బితే దాని మొనలు లోపలికి లాక్కుని రెండోదానితో కలవవు. లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు చాలు. కొవ్వొత్తి మాత్రం పెట్టొద్దు.

కేక్ గురించి ఒక్క లెక్క. నలుగురికే చేస్తున్నామని పాళ్లు సగం చేసి, పాత తొమ్మిదంగుళాల టిన్నులోనే పోస్తే పిండి పలచగా పరుచుకుని ఎండిపోతుంది. ఆరంగుళాల గుండ్రటి టిన్ను తీసుకోండి, టిన్ను వెడల్పుల వర్గాల లెక్కన (9×9కి 6×6) దానికి పాళ్లు 81కి 36, అంటే సగానికి కాస్త తక్కువ. 250 గ్రాముల పిండి అయితే 110 గ్రాములు. నాలుగు గుడ్లయితే రెండు కొట్టి, అందులోంచి రెండు చిన్న చెంచాలు తీసేయండి. సమయం మాత్రం సగం కాదు, ఎందుకంటే ఎత్తు అంతే ఉంది. ముప్పావు వంతు సమయం దాటినప్పటినుంచి పుల్ల గుచ్చి చూస్తూ ఉండండి.

ఇంట్లోనే ఒకరు పాజిటివ్ వచ్చి గదిలో ఉంటే పండగ ఆ తలుపు దగ్గర ఆగిపోకూడదు. వాళ్లకి వాసన తెలియకపోవచ్చు. కేక్ వాళ్లకి మెత్తటి ముద్దలా అనిపిస్తుంది. ముక్కని రెండువైపులా కాల్చి కరకరలాడేలా ఇవ్వండి, లేదా వేయించిన పప్పులు పక్కన పెట్టండి. వాసన పోయినా కరకర, చల్లదనం, వేడి తెలుస్తాయి. బహుమతి మీద శానిటైజర్ చల్లడం అక్కర్లేదు. వస్తువులు ముట్టుకుంటే అంటుకునే అవకాశం పదివేలలో ఒకటికన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. కాగితం విప్పాక చేతులు కడుక్కుంటే సరిపోతుంది. పండగకని గోళ్లకి రంగు వేసుకుంటే రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటరు అంకె తక్కువ చూపించొచ్చు, కాబట్టి ఒక వేలు రంగు లేకుండా వదలండి. చెయ్యి చల్లగా ఉన్నా అంతే, కాసేపు వెచ్చబడనిచ్చి చూడాలి. ఆయాసం ఉన్నవాళ్లని పాడమని అడగకండి. దూత మాటలు మూడే వచనాలు, అవి వాళ్లకి ఇవ్వండి.

ఆయాసం లేనివాళ్లయితే గదిలోంచే పాడొచ్చు. వాళ్ల ఫోను కాల్‌లోంచి తీసేయమనండి, ఒకే ఇంట్లో రెండు ఫోన్లు ఉంటే కూత పెడతాయి. తలుపు మూసే ఉంచి, లోపల కిటికీ తెరిచి, ఇవతల హాల్లో మీరు, అవతల వాళ్లు. ఆ ఐదారు మీటర్లు దాటడానికి గొంతుకి 20 మిల్లీసెకన్లు కూడా పట్టదు. మిగతా మూడిళ్లతో కుదరనిది ఈ తలుపు మీదుగా కుదురుతుంది, తాళం తప్పదు.