గంజాయి గదిలో లైట్ల పని

మాది కోనసీమ, అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద ఊరు. మా వీధిలో సగం ఇళ్లు గల్ఫ్ డబ్బుతో లేచినవే కాబట్టి కువైట్‌లో ఏం పనమ్మా అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. కెనడాలో ఏం పని అని నన్ను అడిగినవాళ్లు మాత్రం ఒక పట్టాన ఆగరు. లైసెన్సు ఉన్న గంజాయి కంపెనీలో లైట్ల మెయింటెనెన్స్ అని ఈసారి సెలవుకి వచ్చినప్పుడు అందరికీ సూటిగానే చెప్పేశాను. అమ్మ మాత్రం చుట్టాల ముందు "కరెంటు పనండీ" దగ్గర ఆపేస్తుంది. ఆవిడని తప్పు పట్టలేను, ఏజెన్సీ కొండల నుంచి దిగిన గంజాయి ఫలానా చోట పట్టుబడిందని పేపర్లో తరచూ చదివే మనిషికి కొడుకు అదే మొక్క కింద నిలబడి జీతం తీసుకుంటున్నాడంటే టెన్షన్ ఉండదా.

చట్టం సంగతి ముందే చెప్పేస్తా. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దవాళ్లకి ఇది చట్టబద్ధం, వ్యాపారంగా పెంచాలంటే హెల్త్ కెనడా (అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ) లైసెన్సు ఉండాలి, లోపల అంగుళం వదలకుండా కెమెరాలు, పారేసే ఆకుకి కూడా తూకం, లెక్క. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు. అక్కడ ఉద్యోగం, ఇక్కడ కేసు. ఇందులో వాదించడానికేమీ లేదు.

అందరిలోకీ అసలైన ప్రశ్నలు వేసింది కడియంలో నర్సరీ ఉన్న మావయ్యే. "ఏరా అల్లుడూ, ఎండ లేకుండా మొక్క ఎలా పెరుగుద్దిరా" అని మొదలుపెట్టి సాయంత్రం దాకా వదల్లేదు.

ఆయనకి చెప్పడం తేలికైంది, ఎందుకంటే పొద్దు లెక్క మన డెల్టా రైతుకి కొత్త కాదు. పాత సార్వా వరి రకాలు కొంచెం ముందూ వెనకా నాటినా పొద్దు తగ్గాకే ఈనేవి. చామంతి కూడా అంతే, రాత్రి పొడుగైతేనే మొగ్గ వేస్తుంది, అందుకే మొగ్గ ఆలస్యం కావాలనుకునే చామంతి రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వేలాడదీస్తారు. గంజాయి మొక్కదీ అదే స్వభావం. రోజుకి 18 గంటలు వెలుగిస్తే ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పోతుంది. 12 గంటలు వెలుగు, 12 గంటలు కటిక చీకటి చేస్తే పూతకి వస్తుంది. ఆ చీకట్లోకి తలుపు సందు నుంచి గీత వెలుగు పడ్డా, ఏదో మెషీన్ మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉండిపోయినా ఆడమొక్క గాభరా పడి మగపువ్వు కూడా వేసేయొచ్చు, అప్పుడు గింజ కడుతుంది, సరుకు ధర పోతుంది. అందుకని నా పనిలో సగం లైట్లు వెలిగించడం అయితే మిగతా సగం వెలుగు రాకుండా చూడటం, మీటర్ల మీద మెరిసే చిన్న చిన్న బల్బుల మీద నల్ల టేప్ అంటించుకుంటూ తిరగడం. చీకటి గదిలోకి తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే తలకి ఆకుపచ్చ లైటు కట్టుకుంటాం, ఆ రంగుకి మొక్క మిగతా రంగులంత స్పందించదు.

నేను చేరినప్పుడు అన్నీ పాత సోడియం లైట్లే, ఒక్కోటి 1000 వాట్లు, మన హైవే మీద ఒకప్పుడు ఉండే పసుపు లైట్ల జాతే. తర్వాత వాటిని పీకేసి 650 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టారు. 100 లైట్లున్న గది అనుకోండి, 12 గంటలకి పాతవైతే 1200 యూనిట్లు, కొత్తవైతే 780. రోజుకి 420 యూనిట్లు మిగిలాయి, మా ఊళ్లో మా ఇంటికి రెండు నెలలు వచ్చే కరెంటు అది. ఇంతవరకూ మేనేజర్లు చూపించే లెక్క, నిజమే కూడా.

వాళ్లు చెప్పని లెక్క తేమది. సోడియం లైటు వెలుగుతో పాటు నిప్పులాంటి వేడి వదులుతుంది, ఆ వేడి నేరుగా ఆకు మీద పడి గది గాలి కంటే ఆకే వేడిగా ఉంటుంది. ఎల్‌ఈడీ కింద ఆకు చల్లబడిపోతుంది, నీళ్లు తాగడం మందగిస్తుంది, దాంతో కాల్షియం సరిగా అందక ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చాయి. మందు మార్చారు, ఎరువు మార్చారు, చివరికి గది ఉష్ణోగ్రత 25 నుంచి 28 డిగ్రీలకి పెంచితే దారికొచ్చింది. ఈలోగా ఇంకోటి. మొక్కకి పోసిన నీళ్లలో దాదాపు అంతా ఆకుల నుంచి ఆవిరై మళ్లీ గదిలోకే వస్తుంది కదా, ఇదివరకు ఆ వేడికి ఏసీలు ఆగకుండా తిరుగుతూ తేమని కూడా లాగేసేవి. వేడి తగ్గింది, ఏసీ తిరగడం తగ్గింది, తేమ మాత్రం అలాగే ఉండిపోయింది. లైట్లు ఆరాక మరీ ఘోరం. దట్టంగా ఉన్న పూత మధ్యలో బూడిదరంగు బూజు పట్టి మంచి సరుకు సంచులకొద్దీ పారబోశారు, ఆ తర్వాతే తేమ లాగే మెషీన్లు అదనంగా కొన్నారు. బల్బులు మార్చినంత సులువుగా గది మారదు. ఇదే మాట మొదట్లో మా సూపర్‌వైజర్ మీటింగులో అంటే ఆయన్ని నిరాశావాది అన్నారు.

"మరి వెలుగెంతుందో ఎలా కొలుస్తారు" అన్నాడు మావయ్య. ఆయన దగ్గర ఫోన్లో లక్స్ చూపించే యాప్ ఉంది. అది మనిషి కంటికి ఎంత కనబడుతుందో చెప్పే లెక్క, మొక్క తినే లెక్క వేరు, దానికి 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, అంటే ఆకు వాడుకునే రంగుల్లో, వెలుగు రేణువులని మైక్రోమోల్స్‌లో కొలిచే సెన్సర్ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మన ఎండలో సుమారు 2000 ఉంటుంది. మేము అంత ఖర్చుపెట్టి పూత గదిలో ఇచ్చేది 800, 1000. ఇంకా పెంచాలంటే దానికి తగ్గట్టు గదిలోకి కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతారు, వెలుగు మరీ ఎక్కువైతే లైటుకి దగ్గరగా ఉన్న పూత తెల్లగా పాలిపోతుంది. ఈ అంకెలు విని మావయ్య నవ్విన నవ్వు చూడాలి. మేమేమో షేడ్ నెట్లు కట్టి ఎండ తగ్గించుకుని చస్తుంటే మీరు డబ్బులిచ్చి వెలుగు కొంటున్నారా అని. కడియానికి ఈ లైట్లు తెస్తే ఎలా ఉంటుందన్నాడు. పగటిపూట దండగ మావయ్యా, చామంతికో డ్రాగన్ ఫ్రూట్‌కో రాత్రి కాసేపు వెలుగు కావాలంటే మామూలు బల్బు చాలు అన్నాను.

కరెంటు పని తెలిసినవాళ్లకి ఒక మాట. అక్కడ ఫ్యాక్టరీల్లో 347, 600 వోల్టుల సప్లై ఉంటుంది, మన 230, 415 అలవాటుతో చెయ్యి పెట్టకూడదు. నేను ఇక్కడ రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల ప్యానెళ్లు చూసేవాణ్ణి, మోటారు కాలితే అర్ధరాత్రి గట్టు మీదే విప్పేసే రకం. కెనడాలో నేనుండే ఒంటారియో రాష్ట్రంలో ఎలక్ట్రీషియన్ లైసెన్సు లేకుండా వైరింగ్ ముట్టుకోవడం నేరం. నేను లైటు తుడవొచ్చు, ఎత్తు సరిచేయొచ్చు, వెలుగు కొలవొచ్చు. డ్రైవర్ పోతే (లైటుకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే పెట్టె, ఎక్కువగా పోయేది అదే, ఎల్‌ఈడీ చిప్పులు అంత త్వరగా పోవు) లైసెన్సు మనిషి కోసం ఆగాల్సిందే. చేతనైన పని ఎదురుగా ఉంటే చేతులు కట్టుకుని నిలబడటం మొదట్లో చాలా కష్టంగా అనిపించింది.

వాసన సంగతి కూడా చెప్పాలి. తెల్ల సూటు, తలకి టోపీ అన్నీ వేసుకున్నా వాసన జుట్టుకి పడుతుంది, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం ఈ పని జోలికి వెళ్లొద్దు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఈ పరిశ్రమలో చేసిన ఉద్యోగం పౌరసత్వానికి అడ్డు కావచ్చని అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు 2019లోనే రాతపూర్వకంగా చెప్పారు. జీతం బాగుందని ఎవరో చెబితే నమ్మి చేరిపోకండి.

జీతాల మాట ఎలాగూ వచ్చింది. మొదట్లో బంగారు గని అనుకుని అందరూ ఎగబడి షెడ్లు కట్టారు, కొనేవాళ్ల కంటే సరుకు ఎక్కువైంది, ధర పడింది, గ్రాముకి కనీసం ఒక డాలరు ఎక్సైజ్ పన్ను మాత్రం తగ్గలేదు. మా దగ్గర కూడా రెండు గదులు మూసేశారు. నేను తిరిగి వెళ్లాక ఒంటారియోలోనే లెమింగ్టన్ అనే ఊరి వైపు ఒక కాప్సికం గ్రీన్‌హౌస్‌లో చేరుతున్నా. అక్కడా ఇవే లైట్లు, చలికాలం సూర్యుడు చాలక టమాటాకీ కాప్సికానికీ వెలిగిస్తారు, రాత్రి ఆకాశమంతా గులాబీ రంగులో ఉంటోందని ఊళ్లోవాళ్లు గొడవపెడితే పైన తెరలు వేయాలని మున్సిపాలిటీ రూలు కూడా వచ్చింది. అమ్మకి చెప్పగానే మొదట అడిగింది, జీతం తగ్గుతుందా అని. కొంచెం తగ్గుతుంది.