బాలింత ఎలుకలతో నా మొదటి ఏడాది

మా ఇంట్లో గేదె ఈనితే, మళ్లీ ఎప్పుడు ఎదకొస్తుందా అని నాన్న నెలల తరబడి కనిపెట్టుకుని ఉండేవారు. అందుకే ఎలుక ఈనిన 24 గంటల్లోపే ఎదకొస్తుందని చదివినా నాకు నమ్మబుద్ధి కాలేదు. పీహెచ్‌డీలో నా పని దానిమీదే: ఈనిన విస్టార్ జాతి ప్రయోగశాల ఎలుకలను మగవాటితో కలిపి, చూడి కట్టాక, పిండం గర్భాశయానికి ఏ రోజు అంటుకుంటుందో చూడాలి. ఎథిక్స్ కమిటీ అనుమతించిన ఎలుకలు లెక్కకు సరిపోయేన్నే. ఒక్కటి వృథా అయినా మనసు కలుక్కుమనేది.

మొదటి నాలుగూ వృథా అయ్యాయి. పగలంతా నొప్పులు పడింది కదా, ఈ రాత్రికి విశ్రాంతి ఇద్దామని మర్నాడు పొద్దున మగదాన్ని వదిలేదాన్ని. తల్లి దాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. డ్రాపర్‌తో రెండు చుక్కల సెలైన్ యోనిలోకి వదిలి, వెనక్కి లాగి, స్లైడ్ మీద వేసి చూసేదాన్ని; దాన్నే స్మియర్ అంటాం. ఎదలో ఉంటే కేంద్రకం లేని పొలుసుల్లాంటి కణాలు గుత్తులుగా కనిపించాలి. నాకు కనిపించినవి తెల్లకణాలే. రోజులు గడిచినా అవే. 4, 5 రోజులకోసారి తిరగాల్సిన ఎద చక్రం పాలిచ్చే తల్లిలో ఆగిపోయింది.

యానిమల్ హౌస్ చూసుకునే పెద్దాయన ఒక్క మాట అన్నారు: "ఈనిన రాత్రికే కలిపెయ్యమ్మా. తెల్లారితే దాని ధ్యాసంతా పిల్లల మీదే."

ఆ సాయంత్రం ఈనిన ఎలుక కేజ్‌లో, లైట్లు ఆరే వేళకి మగదాన్ని వదిలాను. పొద్దున స్మియర్‌లో వీర్యకణాలు కనబడ్డాయి! ఆ రోజును 1గా రాసుకున్నాను.

ఎలుక గర్భం 21 నుంచి 23 రోజులు. మొదటి జట్టులో ఆ గడువు దాటినా రెండు ఎలుకలు ఈనలేదు. కలయిక ఫలించలేదనుకుని వాటిని నోట్‌బుక్‌లో కొట్టేశాను. ఒకటి 29వ రోజున ఈనింది. నేను నోట్‌బుక్ ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. దాని దగ్గర పాలు తాగిన పిల్లలు 11. సమయానికి ఈనినదాని దగ్గర మూడే.

పిల్లలు చన్ను చీకుతుంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వస్తుంది, దాంతో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ నిలబడుతుంది. కానీ అండాశయాన్ని పనిచేయించే మరో పిట్యూటరీ హార్మోన్ ఎల్‌హెచ్ అణిగి ఉండడంతో అండాశయం నుంచి ఈస్ట్రోజన్ చాలినంత రాదు. పిండం అతుక్కోవాలంటే ఆ కాస్త ఈస్ట్రోజన్ కావాలి. మామూలుగా 5వ రోజున అతుక్కోవాల్సిన పిండం, పెరుగుదల ఆపుకుని గర్భాశయంలో ఎదురుచూస్తుంది. చీకే నోళ్లు ఎన్ని ఎక్కువైతే ఆ ఎదురుచూపు అంత ఎక్కువ. చంటిపిల్ల పాలు తాగుతున్నన్నాళ్లూ మళ్లీ కడుపు రాదని మా అమ్మమ్మ అనేది. అది అన్నివేళలా నిజం కాదు గానీ, మనుషుల్లో చీకడం చాలావరకు అండం విడుదలనే ఆపుతుంది. ఎలుకలో అండం ముందే విడుదలైపోయింది, పిండమూ తయారైంది. ఆపేది అతుక్కోవడాన్ని. నాకు ఈ తేడా అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

అప్పట్నుంచి ఈనిన రోజే పిల్లల్ని లెక్కపెట్టి, ప్రతి తల్లి దగ్గరా పదేసి ఉంచాను. 6వ రోజున ఒకదానికి తోక నరంలోకి చికాగో బ్లూ రంగు ఎక్కించి గర్భాశయం తీసి చూశాను. పిండం అంటుకున్నచోట రక్తనాళాల నుంచి రంగు ఊరి నీలం పట్టీలు తేలాలి. ఎలుక గర్భాశయం కొమ్ముల్లా రెండు పాయలుగా ఉంటుంది; ఆ రెండు కొమ్ములూ పాలిపోయి ఉన్నాయి. సెలైన్‌తో కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే, గుండ్రటి చిన్న పిండాలు ఒక్కొక్కటే ద్రవంలో తేలుతూ కనిపించాయి. పుట్టగానే పిల్లల్ని వేరే తల్లికి మార్చిన ఎలుకలో మాత్రం, అదే 6వ రోజున, నీలం పట్టీలు వరసగా ఉన్నాయి.

ఆఖరి తల్లికి 7వ రోజున ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) ఇంజెక్షన్ ఇచ్చాను. మర్నాడు దాని పదిమంది పిల్లల్నీ పక్క కేజ్‌లోని మరో బాలింత కిందికి చేర్చి, అది వాటిని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గూట్లోకి లాక్కునేదాకా నిలబడి చూశాను. తర్వాతే రంగు ఎక్కించాను. ఎడమ కొమ్ములో ఐదు, కుడి కొమ్ములో ఆరు పట్టీలు లెక్కకొచ్చాయి.