కమారో ఎడమ పక్క

ఏప్రిల్, శనివారం రాత్రి. కాంటన్, మిషిగన్.

ఈ ఏడాది గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి పని చేసుకోగలిగిన మొదటి శనివారం ఇది. చలికాలమంతా ఎదురుచూసిన పని ఈ రోజు పూర్తయింది. కమారో ఎడమవైపు వెనక రేకు కింది భాగం కోసేసి, ఆ చోట కొత్త రేకు అతికాను. భుజాలు లాగేస్తున్నాయి. అయినా ఇదంతా రాసుకోకుండా నిద్రపోవాలని లేదు.

కారు 1969 మోడల్ షెవ్రోలే కమారో ఎస్ఎస్. 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్ గ్యారేజీ మూలన స్టాండు మీద గుడ్డ కప్పుకుని ఉంది. ప్రస్తుతానికి దాని జోలికి పోను. ఈ కార్ల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఇంజన్ దగ్గరే మొదలుపెట్టి ఇంజన్ దగ్గరే ఆగిపోతారు. ఇంజన్‌ను విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్ళీ బిగించవచ్చు. విడిభాగాలు ఈనాటికీ దొరుకుతున్నాయి. కారుకు రూపం ఇచ్చింది మాత్రం రేకు. అది పోతే పోయినట్టే.

అందులోనూ 1969 రేకు ఆ ఒక్క ఏడాదిదే. 1967, 68 మోడళ్ళలో కారు పక్కలు నునుపుగా ఉంటాయి. 1969లో బానెట్, డిక్కీ మూత తప్ప పై రేకులన్నీ కొత్తగా గీశారు. ముందు చక్రం మీద ఒకటి, వెనక చక్రం మీద ఒకటి పదునైన మడత మొదలై వెనక్కి సాగుతూ సన్నబడి రేకులో కలిసిపోతుంది. కారు నిలబడి ఉన్నా ముందుకు దూకబోతున్నట్టు కనిపించేది ఆ మడతల వల్లే. వెనక చక్రానికి ముందు మూడు నిలువు గాట్లలాంటి అలంకారం ఉంటుంది. తర్వాతి మోడల్ వచ్చేసరికి ఇవన్నీ పోయాయి.

ముందు అద్దంలోంచి కనిపించే తయారీ నంబరులో 'ఎన్' అక్షరం ఉంది. ఒహాయోలో, సిన్సినాటిని ఆనుకుని ఉన్న నార్‌వుడ్ కర్మాగారానిది. ఇంజన్ వెనక గోడకు కొట్టిన చిన్న పలక మీద 04బి అని, రంగు 71 అని ఉంది. అంటే ఏప్రిల్ రెండో వారంలో తయారైన లె మాన్స్ బ్లూ కారు. నా చేతికి వచ్చేటప్పటికి దాని మీద ఎరుపు ఉంది, ఎరుపు కింద నలుపు, ఆ కింద ఎక్కడో అసలు నీలం.

మిషిగన్‌లో కార్లను ఉప్పు తినేస్తుంది. డెట్రాయిట్ నగరం అడుగున, వెయ్యి అడుగులకు పైగా లోతులో ఒక ఉప్పు గని ఉంది. ఇన్ని కార్లు పుట్టిన ఊరు ఆ కార్లను తినే ఉప్పు మీదే కూర్చుని ఉందని మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు ఆశ్చర్యపోయాను. చలికాలం రోడ్లన్నీ ఉప్పుతో తెల్లబడతాయి. ఉప్పు నీరు త్వరగా గడ్డకట్టదు, విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. తుప్పుకు కావలసినవి అవే. ఉప్పు నీరు ఒక మడతలో చేరిందంటే వసంతం వచ్చినా వదలదు.

అయితే ఈ కారుకు మొదటి దెబ్బ తగిలింది పైనుంచి. వెనక అద్దం చుట్టూ ఒక గాడి ఉంటుంది. మెరుపు పట్టీని పట్టి ఉంచే క్లిప్పులు అందులోనే బిగించి ఉంటాయి. ఆకులు, దుమ్ము ఆ క్లిప్పుల దగ్గర చేరి తడిని పట్టి ఉంచుతాయి. గాడికి చిల్లు పడిందంటే వాన నీళ్ళన్నీ డిక్కీలోకి దిగి, రెండు పక్కలా చక్రాల వెనక ఉన్న పల్లంలో నిలుస్తాయి. బయటికి బుడగలా పెయింటు లేచి కనిపించేసరికి లోపలి పని ఎప్పుడో ముగిసి ఉంటుంది. అందుకే ఆ గాడిని ముందే బాగుచేసి పెట్టాను. పైన నీళ్ళు కారుతూ ఉండగా కింద కొత్త రేకు వేస్తే, కొన్నేళ్ళకు దాన్నీ కోయాల్సి వస్తుంది.

ఉదయం కటింగ్ చక్రం పెట్టి కోస్తే లోపలినుంచి ఏళ్ళ తరబడి చేరిన చెత్త బయటపడింది. ఎండిన పైన్ సూదులు, రెక్కలతో సహా మేపుల్ గింజలు, బంకమట్టిలా గట్టిపడ్డ దుమ్ము, పొడిపొడిగా రాలే పాత సీలర్. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఆ గింజలు ఏరి దాచుకుంటానంది. పాత పెయింటులో సీసం ఉంటుందని చెప్పి వద్దన్నాను. ఈ విషయంలో మా ఇంట్లో మా ఆవిడది కఠినమైన నియమం. గ్యారేజీ బట్టలు గ్యారేజీలోనే విప్పాలి, వాటిని విడిగా ఉతకాలి, ముఖానికి మాస్కు లేకుండా గ్రైండర్ పట్టకూడదు. ఆమె మాట అక్షరాలా సరైనది. పిల్లలున్న ఇంట్లో ఈ పని పెట్టుకున్న ఎవరైనా ఇలాగే ఉండాలి.

పక్కింటి పెద్దాయన పదకొండింటికి కాఫీ కప్పుతో వచ్చారు. ఆయన ఉద్యోగ జీవితమంతా కార్ల రేకులు నొక్కే అచ్చులను (డైలను) సరిచేసే పనిలో గడిచింది. ఆయనకూ నాకూ ఈ కారు విషయంలో మొదటినుంచీ ఒక వాదన ఉంది. మొత్తం క్వార్టర్ ప్యానెల్ మార్చెయ్యమని ఆయన అంటారు. తలుపు అంచు నుంచి బంపర్ దాకా, పైన కప్పు దాకా ఒకే రేకు. కర్మాగారంలో అతికిన చోటే మళ్ళీ అతుకుతాం కాబట్టి మధ్యలో కొత్త అతుకు ఉండదు. ఆయన చెప్పేది న్యాయమే.

నా లెక్క వేరు. మొత్తం మార్చాలంటే కప్పు, క్వార్టర్ కలిసే చోట కర్మాగారం వాళ్ళు నింపిన సీసాన్ని కరిగించి తీయాలి. బాగున్న రేకును, నార్‌వుడ్‌లో మనుషులు తలుపుకూ డిక్కీ మూతకూ సరిపెట్టి బిగించిన రేకును పీకి పారేయాలి. ఇప్పుడు అచ్చు వేసి అమ్ముతున్న కొత్త రేకుల్లో ఆ మడత కాస్త మొద్దుబారి ఉంటుంది. చూసేవాళ్ళలో పదిమందికి అది తెలియకపోవచ్చు, నాకు తెలుస్తుంది. తుప్పు మడతకు నాలుగు వేళ్ళ కింద ఆగిపోయింది. ఆ పైదంతా గట్టిగా ఉంది. గట్టిగా ఉన్నదాన్ని నేను ఎందుకు తీయాలి?

ఆ నార్‌వుడ్ కర్మాగారంలో 1972లో 174 రోజులు సమ్మె జరిగింది. సమ్మె ముగిసేసరికి లైను మీద సగంలో ఆగిపోయిన కార్లు వెయ్యికి పైగా ఉన్నాయి. 1973కి బంపర్ల నిబంధనలు మారడంతో వాటిని అమ్మే వీలు లేకపోయింది, చాలావరకు తుక్కు చేసేశారు. 1987లో కర్మాగారమే మూతపడింది. ఇది తెలిసినప్పటినుంచి అక్కడి రేకు ఒక్క జానెడు పారేయాలన్నా నాకు మనసు ఒప్పడం లేదు.

కొత్త రేకును ఒకేసారి కొలతకు కోయలేదు. పాతదాని మీద ఆనించి, గీత గీసి, గీతకు కాస్త బయట కోసి, ఆకురాయితో అరగదీస్తూ దగ్గరికి తెచ్చాను. అతుకు మడతకు దగ్గరగా వచ్చేలా చూసుకున్నాను. వంపు దగ్గర రేకుకు బలం ఎక్కువ, చదునైన చోట వేడి తగిలితే అలలా వంగిపోతుంది. తలుపు బిగించి ఉంచాను, కారు బరువు చక్రాల మీదే ఉంచాను. గాల్లోకి ఎత్తి వెల్డింగ్ చేస్తే, కిందికి దించాక తలుపు సందు ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు అవుతుంది.

రేకు మందం ఒక మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ. 0.6 మిల్లీమీటర్ల వెల్డింగ్ తీగ, ఆర్గాన్ 75, కార్బన్ డయాక్సైడ్ 25 పాళ్ళు కలిసిన గ్యాస్. ఒక కొసన ఒక టాక్ (చుక్కంత వెల్డు), వెంటనే రెండో కొసన ఇంకొకటి, తర్వాత మధ్యలో. చెయ్యి ఆనించి వేడి తగ్గిందని తెలిసేదాకా అక్కడికి మళ్ళీ వెళ్ళకూడదు. వెల్డింగ్ తుపాకీ మీట నొక్కి వదిలేలోపే కందిగింజంత బొడిపె మిగులుతుంది. అది చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ చుట్టూ ఉన్న రేకును తన వైపు లాక్కుంటుంది. వదిలేస్తే అతుకు పొడవునా లోయ పడుతుంది. కాబట్టి వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో తేలిగ్గా కొట్టాలి. బొడిపె అణిగి, సాగి, లాక్కున్న రేకును వదులుతుంది. డాలీ సరిగ్గా సుత్తి కిందే ఉంటే కంగుమని మోగుతుంది, పక్కకు జరిగితే మొద్దుగా పలుకుతుంది. డిక్కీలో పడుకుని, ఎడమ చేతిలో డాలీ ఎక్కడుందో చూడకుండా, ఆ మోత విని జరుపుకుంటూ పోవడం అలవాటైంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మధ్యాహ్నం తిండి సంగతి కూడా గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి టాక్‌లన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. సన్నని చక్రంతో వెల్డు ఎత్తు మాత్రమే అరగదీశాను, పక్క రేకును తాకనివ్వలేదు. పెద్దాయన మళ్ళీ వచ్చి, చేతి కింద పలుచని నూలుగుడ్డ వేసుకుని, తలుపు నుంచి బంపర్ దాకా మెల్లగా తడిమి చూశారు. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు గుడ్డ కింద అరచేతికి తెలుస్తాయి. రెండోసారి వెనకనుంచి ముందుకు తడిమారు. “మడత కదల్లేదు” అన్నారు. వాదనలో ఓడిపోయానని మాత్రం అనలేదు, అనాల్సిన పని కూడా లేదు.

రాత్రి భోజనాలయ్యాక విజయవాడకు వీడియో కాల్ చేశాను. అక్కడ ఆదివారం ఉదయం. మావయ్య ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ల టింకరింగ్ చేస్తూనే ముసలివాడయ్యాడు. ఇప్పుడు షెడ్డు కొడుకులు చూసుకుంటున్నారు. బయటి వైపు చూపించబోతే ఆపేశాడు.

“అటు ఎందుకురా, గ్రైండర్ పెడితే ఎవరిదైనా నున్నగానే ఉంటుంది. లోపలి వైపు చూపించు.”

డిక్కీలోకి దూరి, టార్చి వేసి, ఫోను అతుకు వెంట మెల్లగా జరిపాను. వెల్డు లోపలిదాకా దిగిందో లేదో అక్కడే తెలుస్తుంది. మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నీళ్ళు దిగితే ఎటు పోతాయి?” అన్నాడు. కింది మడత దగ్గర సీలర్ పూయకుండా వదిలిన సందు చూపించాను. లప్పం ఎంత మందం పడుతుందని అడిగాడు. రెండు మిల్లీమీటర్లు దాటదన్నాను. “ఏమేవ్, ఇటు రా, మనవాడి పని చూడు” అని అత్తయ్యను కేకేశాడు. అత్తయ్య కారును చూసి, ఇంత పాతదాన్ని ఎందుకు కొన్నావయ్యా అని అడిగింది. మావయ్యే సమాధానం చెప్పడం మొదలుపెట్టాడు. కారు పేరు సరిగ్గా పలకడం రాకపోయినా రేకు గురించి నాకంటే బాగా చెప్పాడు.

రేపు మధ్యాహ్నం దాకా వాన లేదట, ఎండ ఇలాగే ఉంటుందట. రంగుకు ముందు రేకు మీద పూసే ఎపాక్సీ ప్రైమర్‌కు ఈ మాత్రం వెచ్చదనం ఉండాలి. చలిలో పూస్తే పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడదు. ముందు లోపలి వైపు పూస్తాను. పాలిష్ చేసిన రేకు రెండు రాత్రులు ఉత్తదిగా ఉండటం నాకు ఇష్టం లేదు. లప్పం, దిమ్మకు గరుకు కాగితం చుట్టి రుద్దే బ్లాక్ సాండింగ్, చివరి రంగు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. రంగు మాత్రం 71 నీలమే. ఈ మోడల్‌కు నారింజ రంగు బాగుంటుందని ఎందరు చెప్పినా మార్చను.

గ్యారేజీ మూసే ముందు అయస్కాంతం పట్టుకుని కుడి పక్క కూడా చూశాను. పాత లప్పం ఉన్నచోట పట్టుకోదు, రేకు ఉన్నచోట గట్టిగా అతుక్కుంటుంది. మడతకు జానెడు కింద వరకూ గట్టిగానే పట్టుకుంది. అంటే కుడివైపు ఇంకా కిందికే కోస్తే సరిపోతుంది. ఆ పక్కకని తెప్పించిన కొత్త రేకులో సగం వాడాల్సిన అవసరం రాకపోవచ్చు.