తామేవ కథాం కురు: పరోక్ష నిందను శ్రీరాముడు ఆపిన తీరు

శ్రీమద్రామాయణంలో అరణ్యకాండ 16వ సర్గను హేమంత ఋతు వర్ణన కోసం చదివేవారు ఎక్కువ. పంచవటిలో తెల్లవారుజామున శ్రీరాముడు సీతతో కలిసి గోదావరీ స్నానానికి బయలుదేరితే, కలశం చేతపట్టుకొని వెనుక నడుస్తున్న లక్ష్మణుడు ఆ చలికాలపు సొగసును ఒక్కొక్కటిగా చెబుతాడు. ఊపిరి తగిలి మసకబారిన అద్దంలా చంద్రుడు వెలవెలబోతున్నాడని, దాహంతో వచ్చిన అడవి ఏనుగు నీటిని తాకి ఆ చలికి తొండం వెనక్కి తీసుకుంటోందని సాగే ఆ మాటలు ఎంత మనోహరంగా ఉంటాయంటే, సర్గ చివరనున్న కొద్ది శ్లోకాలు చాలామంది దృష్టికి ఆనకుండానే దాటిపోతాయి. ఎదుట లేని మనిషిని గురించి చెడుగా మాట్లాడటమనే దోషం ప్రస్తావనకు వచ్చినప్పుడు నాకు ముందుగా తోచేవి ఆ చివరి శ్లోకాలే.

చలిని వర్ణిస్తూ వర్ణిస్తూ లక్ష్మణుడు భరతుని తలచుకుంటాడు. రాజ్యాన్నీ భోగాలనూ విడిచి, మితాహారంతో, చల్లని నేలపై పడుకుంటున్న ఆ సుకుమారుడు ఇదే వేళకు సరయూ స్నానానికి వెళుతూ ఉంటాడు గదా, ఈ చలిని ఎలా ఓర్చుకుంటున్నాడో అని జాలిపడతాడు. మనుషులకు తండ్రి గుణం కాక తల్లి గుణమే వస్తుందన్న లోకోక్తిని భరతుడు తలకిందులు చేశాడని మెచ్చుకుంటాడు. అక్కడితో ఆగితే బాగుండేది. దశరథుడు భర్తగా, సాధువైన భరతుడు కొడుకుగా ఉన్న ఆ కైకేయి అంత క్రూరురాలు ఎలా అయిందో అని మరొక మాట కలుపుతాడు. తల్లిని గురించిన ఆ పరివాదాన్ని రాముడు సహించలేకపోయాడని చెప్పి, వాల్మీకి ఆయన నోట ఈ శ్లోకం పలికించాడు:

న తేఽంబా మధ్యమా తాత గర్హితవ్యా కథంచన ।
తామేవేక్ష్వాకునాథస్య భరతస్య కథాం కురు ॥

"నాయనా, మధ్యమాంబను (కైకేయిని) నీవు ఏ విధంగానూ నిందించకూడదు. ఇక్ష్వాకునాథుడైన భరతుని ఆ కథనే చెప్పు" అని దీని భావం.

ఈ సందర్భాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. లక్ష్మణుడు అన్నదానిలో కల్పన ఏమీ లేదు. కైకేయి చేసిన పని లోకమంతటికీ తెలుసు. విన్నవారు సీతారాములు ఇద్దరే, వారే ఆ పనికి బలైనవారు. ఆ మాట అడవి దాటి అయోధ్యకు చేరే అవకాశం లేదు గనుక కైకేయి పరువుకు కొత్తగా పోయేదీ లేదు. మనం సాధారణంగా మనల్ని మనం సమర్థించుకోవడానికి చెప్పుకునే మూడు కారణాలూ, అంటే ఉన్నమాటే అన్నామనీ, మనవాళ్ళ దగ్గరే అన్నామనీ, దానివల్ల ఎవరికీ నష్టం లేదనీ చెప్పుకునేవన్నీ, లక్ష్మణుని పక్షాన పూర్తిగా నిలబడతాయి. అయినా రాముడు సహించలేదు. మనుస్మృతి (12-6) వాక్కుతో చేసే పాపాలు నాలుగని చెబుతూ పారుష్యాన్ని (కటువైన మాటను), అసత్యాన్ని, పైశున్యాన్ని (చాడీని), అసంబద్ధ ప్రలాపాన్ని వేరువేరుగా లెక్కించింది; అబద్ధం ఒక దోషమైతే చాడీ మరొక దోషం. గీత 16వ అధ్యాయంలో దైవీ సంపద నడుమ వచ్చే "అపైశునమ్" అనే గుణానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు, ఒకరి లోపాన్ని మరొకరికి బయటపెట్టడమే పైశునమన్నారు. బయటపెట్టిన ఆ లోపం నిజమా కాదా అన్న విచారణ అందులో లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ నింద వచ్చిన దారి. లక్ష్మణుని మాట మెచ్చుకోలుతో మొదలై, జాలి మీదుగా నడిచి, చివరకు గర్హణలోకి జారింది. పరోక్ష నింద నేరుగా ద్వేషం రూపంలో గడప తొక్కడం అరుదు. "అతను మంచివాడే, కానీ..." అన్న మాటలో ఆ "కానీ" తరువాత వచ్చేదే అసలు సంగతి. "పాపం, ఆ పిల్లను చూస్తే జాలేస్తుంది" అని మొదలుపెట్టిన వారు ఆ జాలికి కారకులైన అత్తమామల గుణగణాలను ఏకరువు పెట్టి గానీ లేవరు. "నేనన్నానని కాదు గానీ", "మనలో మాట", "ఎక్కడా అనకండి" అనే పీఠికలు చెప్పేవారికి కూడా తాము చేయబోయేది తగని పని అని తెలుసునన్నదానికి సాక్ష్యాలు. ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి ఏమిటంటే, భక్తుల కూడికల్లో ఇది మరింత శుభ్రమైన వేషం వేసుకుంటుంది. ఫలానా వారి ఆచారం తగ్గిపోతోందనీ, వారి కోసం అందరం ప్రార్థించాలనీ చెబుతూ, ఆ తగ్గిన ఆచారమేమిటో పూసగుచ్చినట్లు వివరించడం నేను విన్నాను. దాన్ని ప్రార్థన అనడానికి నాకు మనసొప్పదు.

ఇక రాముడు ఆపిన తీరు. ఆయన కైకేయి చేసింది న్యాయమని వాదించలేదు, అలా వాదిస్తే అది అసత్యమయ్యేది. నిందించడం ఎంత పాపమో ఉపన్యసించనూ లేదు. "తాత" అని ప్రేమగా పిలిచి, ఒక్క పాదంలో వద్దని చెప్పి, వెంటనే లక్ష్మణునికి మరొక పని అప్పగించాడు: అంతకుముందు చెబుతున్న భరతుని కథనే చెప్పమన్నాడు. పైగా తరువాతి శ్లోకాల్లో తానే ఆ కథ అందుకొని, భరతుని మీది ప్రేమతో వనవాస వ్రతంలో స్థిరపడిన తన బుద్ధి కూడా పసితనానికి లోనవుతోందని, అతని మధురమైన మాటలు గుర్తుకు వస్తున్నాయని చెప్పుకొన్నాడు. మాట మళ్ళింది, తమ్ముడు చిన్నబుచ్చుకోలేదు, ముగ్గురూ గోదావరికి చేరి స్నానతర్పణాలు చేశారు. నలుగురిలో ఒకరి ప్రస్తావన చెడుదారి పట్టినప్పుడు "నాకిలాంటివి నచ్చవు" అని ముఖం మీద అనేస్తే, ఆ క్షణానికి మనం పవిత్రులమైనట్లు కనిపిస్తాం గానీ, తరువాత వారు మన వెనుక మనల్ని గురించే మాట్లాడుకుంటారు.

అయితే రాముడు కైకేయిని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదని చెప్పుకుంటే అది వాల్మీకి చెప్పిన కథ కాదు. అయోధ్యాకాండ 53వ సర్గలో, గంగ దాటిన తరువాత సుమంత్రుడు కూడా తోడులేని మొదటి రాత్రి, చెట్టు కింద కూర్చుని, కైకేయి తన తల్లికి ఏ అపకారం తలపెడుతుందో అని ఆయనే లక్ష్మణుని దగ్గర బాధపడ్డాడు. విరాధుడనే రాక్షసుడు సీతను పట్టుకున్నప్పుడు కైకేయి కోరిక నేటితో నెరవేరిందని కూడా అన్నాడు. భక్తులు కొందరు ఈ ఘట్టాలను దాచాలనుకుంటారు, నాకు ఆ అవసరం కనిపించదు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు మాట తూలడం వేరు, ఏళ్ళు గడిచి ప్రశాంతంగా నడిచే వేకువలో ఆ గాయాన్ని మళ్ళీ కెలికి రుచి చూడటం వేరు. పంచవటిలో ఆయన తమ్ముణ్ణి రెండోదాని నుంచి తప్పించాడు.

నిందలో చెప్పేవారికి ఎంత పాలుందో వినేవారికీ అంత ఉంది. కుమారసంభవం 5వ సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు శివుణ్ణే దూషిస్తుంటే, ఇంకా ఏదో అనబోతూ అతని పెదవి అదరడం గమనించిన పార్వతి, అతణ్ణి ఆపమని చెలికత్తెకు చెబుతుంది. మహాత్ములను దూషించేవాడే కాదు, వాని నుంచి వినేవాడు కూడా పాపభాగి అవుతాడని చెప్పి, తానే అక్కడి నుంచి వెళ్ళిపోవడానికి సిద్ధపడుతుంది. దీనికి ఎదురుగా నిలిచేది మంథర మాట విన్న కైకేయి. పట్టాభిషేక వార్త చెప్పిన మంథరకు ఆమె మొదట సంతోషంతో ఆభరణం బహూకరించింది. "రామే వా భరతే వాహం విశేషం నోపలక్షయే", రామునికీ భరతునికీ నాకు భేదం కనబడదు అన్నది. మంథర ఆ నగను విసిరేసినా, రాముడు ధర్మజ్ఞుడు, కృతజ్ఞుడు, సత్యవాది అని మెచ్చుకున్నది. అయితే మంథరను పంపివేయలేదు. ఒకసారి కాదన్న మాటను మళ్ళీ వినడానికి కూర్చున్నది. అప్పుడు మంథర రామునిలో దోషం చూపడం మానుకొని, ఆ గదిలో లేని కౌసల్యను లాగింది: పూర్వం నీవు గర్వంతో అవమానించిన సవతి ఇప్పుడు పగ తీర్చుకోకుండా ఉంటుందా అని అడిగింది. కైకేయి లోపల తాను చేసిన తప్పు తాలూకు భయం ఉంది గనుక ఆ మాట అంటుకుంది. విన్న తరువాత ఆమె మంథర గూనిని కూడా పొగిడి, దానికి బంగారు మాల తొడుగుతానని మాట ఇచ్చింది. చాడీ రుచించిన చెవికి చెప్పినవారంతా ఎంత అందంగా కనిపిస్తారో వాల్మీకికి బాగా తెలుసు.

ఎదుట లేని వారిని గురించి అసలేమీ మాట్లాడరాదని దీని అర్థం కాదు. యుద్ధకాండలో శరణు కోరి వచ్చిన విభీషణుడు ఆకాశంలోనే నిలిచి ఉండగా, కింద రాముని చుట్టూ చేరిన వానర ప్రముఖులు అతని గుణదోషాలను చర్చించారు. సుగ్రీవుడు అనుమానించాడు, శరభుడు చారుణ్ణి పంపమన్నాడు, జాంబవంతుడు వచ్చిన వేళ సరైనది కాదన్నాడు, హనుమంతుడు అతని పక్షాన మాట్లాడాడు. ఎవరి మాటా పైశున్యం కాదు, ఎందుకంటే నిర్ణయం చేయవలసినవారే అడిగారు, చెప్పవలసినవారే చెప్పారు, విషయం తేలగానే ఆ చర్చ ముగిసింది. అందరి మాటలూ విన్న తరువాత, అతనిలో దోషమున్నా సరే మిత్రభావంతో వచ్చినవాణ్ణి విడిచిపెట్టనని రాముడు అన్నాడు.

మంథరను గురించి ఇంత రాశాక మరొక ఘట్టం కూడా చెప్పడం న్యాయం. ఆమె చేసినది తెలిసి శత్రుఘ్నుడు ఆమెను నేలపై ఈడ్చినప్పుడు, భరతుడు అడ్డుపడి, ఈ కుబ్జను చంపామని తెలిస్తే ధర్మాత్ముడైన రాముడు నీతోనూ నాతోనూ మాట్లాడడని చెప్పి విడిపించాడు. రామాయణ ప్రవచనం విని లేచి, దారిలో తమ బంధువర్గంలోని మంథర ఎవరో, శకుని ఎవరో ఒకరికొకరు చెప్పుకుంటూ ఇళ్ళకు చేరేవారు ఈ ఘట్టాన్ని ఏ రోజు విన్నారో మరి.