కుక్కర్ విజిల్ ఏమైంది?

పదకొండు దాటింది. మావారు లేచి వచ్చి ఒకసారి లైటు వంక, ఒకసారి నా వంక చూసి వెళ్లారు. పొద్దున్నే పాలవాడికి తలుపు తీయాల్సింది నువ్వే సుమా అని ఆ చూపుకు అర్థం. అయినా ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం మేనల్లుడు మామ్మ హారతి పాట పంపించాడు. అదే, బీరువాలో పట్టుచీరల కింద ఉండే క్యాసెట్టు. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్లి, ఎవరి దగ్గరో పాత డెక్కు సంపాదించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, శుభ్రం చేశాడు. "ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను అత్తా" అని కింద ఒక ముక్క. విన్నాను. మామ్మ గొంతు ఉంది. అదొక్కటే ఉంది. కుక్కర్ విజిల్ లేదు, కాకి లేదు, పెరట్లో గిలక చప్పుడు లేదు. చివరికి పాదానికీ పాదానికీ మధ్య ఆవిడ ఊపిరి పీల్చుకోవడం కూడా లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, ఎక్కడా గాలి పీల్చకుండా మంగళహారతి పాడేసింది!

అమ్మకు వినిపించాను. "బాగుంది కానీ, మీ మామ్మకు ఇంత ఓపిక ఎప్పుడుందే?" అంది. అంతే, అప్పటి నుంచి మనసంతా చిరచిరలాడుతోంది.

ఆ పాట రికార్డు చేసిన రోజు నాకు బాగా గుర్తు. శ్రావణ శుక్రవారం. నాన్న కొత్తగా కొన్న టూ-ఇన్-వన్‌ను, అదే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టెను, పీట మీద పెట్టి, ఎర్ర మీటనూ ప్లే మీటనూ కలిపి నొక్కడానికి రెండు వేళ్లు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. మమ్మల్నందరినీ గోడవారగా కూర్చోబెట్టి, కిక్కురుమంటే ఊరుకోనన్నారు. తీరా మామ్మ పాడనంది. "ఎదురుగా దేవుడు లేడు, దీపం లేదు. ఈ పెట్టెకా హారతి ఇచ్చేది?" అని. నాన్న బతిమాలారు, కసురుకున్నారు, మళ్లీ బతిమాలారు. చివరికి పీటను దేవుడి గూడు ముందుకు జరిపి, నిజంగానే కర్పూరం వెలిగిస్తే అప్పుడు అందుకుంది. ఈ హడావిడిలో పొయ్యి మీద పప్పు సంగతి అమ్మ మరిచిపోయింది. సరిగ్గా మూడో చరణంలో కుక్కర్ కూత పెట్టింది. నాన్న కళ్లెర్రజేశారు. అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. ఆ పరుగు, గాజుల గలగల, స్టవ్ ఆర్పిన టక్కు, అన్నీ టేపులో పడ్డాయి.

ఇంకో తమాషా కూడా ఉండేది. ఆ రోజుల్లో ఇళ్లలోని టేప్ రికార్డర్లు చాలావరకు ధ్వని స్థాయిని తమంతట తామే సర్దుకునేవి. గట్టి చప్పుడు వస్తే మొత్తం తగ్గించేవి, నిశ్శబ్దం కాగానే మెల్లగా పెంచేవి. అందువల్ల విజిల్ మోగగానే మామ్మ గొంతు అడుక్కి పోయి, క్రమంగా మళ్లీ తేలేది. ఏళ్ల తరబడి మేము ఆ పాటను అలాగే నేర్చుకున్నాం. పేరంటాల్లో మా పిన్ని మూడో చరణం దగ్గరికి రాగానే గొంతు తగ్గించేది, కావాలని కాదు, అలవాటుగా.

నాలుగో చరణం లేదు. ఎందుకు లేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. క్యాసెట్టు వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. నాన్న జాగ్రత్తగా విరిచారు. మా అన్నయ్య అంతకన్నా జాగ్రత్తగా ఆ కన్నాల మీద కాగితం అంటించి, వివిధభారతిలో వచ్చిన సినిమా పాట ఎక్కించుకున్నాడు. మామ్మ "జయ" అనేలోపు సబ్బు ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన కూడా ఇప్పుడు లేదు.

ఫోను చేసి మేనల్లుణ్ణి కడిగేశాను. వాడేమో పాఠం మొదలుపెట్టాడు. క్యాసెట్టు టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదట, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నత్తనడకన నడుస్తుందట, అందుకే పాట వెనక బుసకొట్టినట్టు ఆ చప్పుడు. 1960లలో రే డాల్బీ అనే ఆయన దాన్ని తగ్గించడానికే ఒక పద్ధతి కనిపెట్టాడు, కానీ అది రికార్డు చేసేటప్పుడే ఉండాలి, మన పెట్టెలో లేదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ అలా కాదు. వేల గొంతులు విని, మనిషి గొంతు ఎలా ఉంటుందో నేర్చుకుని, తక్కినదంతా చెత్త కింద లెక్కగట్టి పక్కకు తోసేస్తుంది. ఊపిరి కూడా దాని లెక్కలో బుసే. "బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ పాడుకున్న క్యాసెట్టును 1995లో బాగుచేయలేక వదిలేశారు అత్తా. ఇలాంటి పద్ధతితోనే గొంతును పియానో నుంచి విడదీసి, 2023లో బీటిల్స్ పాటగా విడుదల చేశారు" అన్నాడు. లెనన్ వెనక కుక్కర్ లేదు నాయనా అని పెట్టేశాను.

అంతా అయ్యాక, తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని మళ్లీ విన్నాను. అప్పుడు వినిపించింది మూడో చరణం. మొత్తం. మేము ఇన్నాళ్లూ లలలా అని నెట్టుకొచ్చిన చోట మామ్మ మా ఊరి చెరువుగట్టు అమ్మవారిని పిలిచింది. ఆ పిలుపు ఆ పాటలో ఉందని అమ్మకు కూడా తెలియదు. ఇద్దరం ఆ ముక్క తిప్పి తిప్పి విన్నాం. పైగా వాడు మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోనే లేదట. విజిలూ, గాజులూ, సబ్బు ప్రకటనా అన్నీ అందులో భద్రంగా ఉన్నాయట. మరి నేను ఇంతసేపూ దేని మీద ఎగిరాను?

ఆలోచిస్తే ఆ పాత పెట్టె కూడా ఏమంత బుద్ధిమంతురాలు కాదు. విజిల్ వచ్చిందని మామ్మ గొంతు నొక్కింది అదే కదా. ఇది గాజుల చప్పుడు తీసేసి గొంతు ఇచ్చింది, అది గాజుల చప్పుడు ఇచ్చి చరణం మింగేసింది. ఇంతవరకూ ఒప్పుకుంటాను. ఊపిరి విషయంలో మాత్రం ఒప్పుకోను. అది వెనక్కి పెట్టమన్నాను. "పెడతాను కానీ బుస కూడా కొంచెం వస్తుంది" అన్నాడు. రానీ.

దీన్ని పాటల యాప్‌లన్నింటిలో పెడతాడట. దానికొక ఫారం. రచయిత పేరు తప్పనిసరి. మంగళహారతికి రచయిత ఎవరు? మామ్మకు వాళ్లమ్మ నేర్పింది, ఆవిడకు ఎవరు నేర్పారో. "సంప్రదాయం" అని వేశాడు. స్వరకర్త? మళ్లీ సంప్రదాయం. ప్రతి రికార్డింగుకూ పన్నెండక్షరాల సంకేతం ఒకటి ఇస్తారట. మామ్మకు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా అంకె లేదు. గాయని పేరు దగ్గర పెద్ద రభస. ఇంటిపేరుతో సహా వేయాలని అమ్మ, ఊళ్లో అందరూ పిలిచే పేరే చాలని నేను. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు, పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేదట. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి వాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా. మామ్మ కూడా అలా చెప్పి ఉంటే మాకు ఈ గొడవ తప్పేది. పెట్టెకు హారతే ఇవ్వనన్న మనిషి, పేరు చెబుతుందా!

ఈలోగా అన్నయ్య ఫోను. సబ్బు ప్రకటన తీసేయవద్దట, అది కూడా చరిత్రేనట. నాలుగో చరణం మింగినవాడు చరిత్ర మాట్లాడుతున్నాడు. వదినకు ఇమ్మన్నాను.

యాప్‌లో పాటతో పాటు పెట్టడానికి రేపు పదింటికల్లా బొమ్మ కావాలట, చదరంగా, ఒక్కో వైపు 3000 పిక్సెళ్లు. మామ్మ ఫొటో ఉన్నది ఒక్కటే, బాబాయి పెళ్లిలోది. ఆవిడ అటు తిరిగి ఎవరికో తాంబూలం ఇస్తోంది, భుజం మీదుగా పెద్దనాన్న సగం మొహం, వెనక షామియానా గుంజ. ఫోనులో ఫొటో తీసి పంపాను. "వెనక ఉన్నవన్నీ తీసేస్తాను అత్తా, ఒక్క నిమిషం పని" అన్నాడు. పెద్దనాన్న మీద చెయ్యి పడిందో ఊరుకునేది లేదని మెసేజ్ పెట్టాను. చూశాడు, బదులు మాత్రం ఇవ్వలేదు వెధవ.