యాదగిరి జర్మనీ ప్రయాణం

మా పిల్లి పేరు యాదగిరి. అమ్మానాన్నలు యాదగిరిగుట్ట వెళ్లి వచ్చిన సాయంత్రం గేటు దగ్గర వానలో తడుస్తూ కనబడ్డాడు కాబట్టి ఆ పేరు. ముద్దుగా గిరి. నలుపు తెలుపు మచ్చల దేశీ పిల్లి. నేను హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుని, విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సు ఉద్యోగానికి ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చినప్పుడు వాడు బోడుప్పల్‌లో అమ్మ దగ్గర ఉండిపోయాడు. ఇక్కడ నాకంటూ ఒక చిన్న ఇల్లు అద్దెకు దొరికి, ఓనరు కూడా పిల్లి ఉంటే పర్వాలేదన్నాక, వాడిని తెచ్చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

రేబిస్ అదుపులో ఉన్న దేశాలవని యూరప్ వాళ్లు ఒక జాబితా పెట్టుకున్నారు. ఆ జాబితాలో ఇండియా లేదు. అందుకని మన పిల్లికి ముందు మైక్రోచిప్ వేయించాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి, యూరప్ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. అది పాసైనా వెంటనే బయల్దేరడానికి లేదు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. చివర్లో ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం పెట్టిన ఆరోగ్య పత్రం, దాని గడువు 10 రోజులే. ఇదంతా అమ్మకు ఫోన్‌లో చెప్తే, "నువ్వు పోయేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు కదనే" అంది.

ఈ కాగితాల్లో ప్రతిదాని వెనకా పశువుల డాక్టరు దగ్గరికి ఒక ప్రయాణం ఉంటుంది. తీసుకెళ్లేది అమ్మ, చూసేది నేను. ఎండాకాలంలో ఇక్కడికీ హైదరాబాద్‌కీ తేడా మూడున్నర గంటలు. నా నైట్ డ్యూటీ పొద్దున ఆరున్నరకు అయిపోతే అక్కడ పది గంటలు, సరిగ్గా డాక్టరు వచ్చే టైము. ట్రామ్ ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియో కాల్ కలిపేదాన్ని. చుట్టూ అందరూ నిశ్శబ్దంగా ఆఫీసులకు వెళ్తుంటారు. నా ఫోన్‌లో మాత్రం కుక్కల అరుపులు, కోడి కూత, ఆటో హారన్లు, మధ్యలో అమ్మ గొంతు. ఇంటికి దూరంగా ఉన్న ఇన్నాళ్లలో నేను మా ఇంట్లో ఉన్నట్టు అనిపించింది ఆ పొద్దులే. మామూలు ఫోన్లలో అమ్మ "తిన్నవా, పడుకున్నవా" అని అడిగి పెట్టేస్తుంది. దవాఖానలో నంబరు కోసం ఎదురుచూసే గంటలో మాత్రం అన్నీ చెప్పేది. మోకాలి నొప్పి, మేనత్త కూతురి సంబంధం, పక్కింటి గొడవ.

చిప్ వేసిన రోజు బాగా గుర్తు. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక రెండు భుజాల మధ్య చర్మం కిందికి సూదితో పంపుతారు. లోపల 15 అంకెల నంబరు. డాక్టరు స్కానర్ ఆనించి నంబరు చదివి చూపించగానే అమ్మ ముందుకు జరిగి, "సారూ, రాత్రిళ్లు వీడు ఎక్కడెక్కడ తిరుగుతడో గిదాంట్ల తెలుస్తదా?" అని అడిగింది.

"తెలవదమ్మా. దీంట్ల బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. స్కానర్ పెడితేనే నంబరు చూపిస్తది."

"అయ్యో, మరి ఏం లాభం సారూ" అని అమ్మ నిజంగానే బాధపడింది. పక్కన పామరేనియన్‌ను ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ, "మా ఆయనకు పెట్టించాలి అక్కా, జీపీఎస్ ఉన్నదైతే" అన్నారు. ట్రామ్‌లో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన తల పైకెత్తి చూసేంతగా నవ్వాను.

అసలు కథ టీకా రోజు జరిగింది. అమ్మ ఇంటికి దగ్గర్లోని సర్కారు పశువుల దవాఖానకు తీసుకెళ్లింది. బెంచీ మీద ఒక చివర అమ్మ, బుట్టలో గిరి. బుట్ట మీద చున్నీ కట్టేసి ఉంది. ఇంకో చివర తెల్ల ధోవతి, భుజాన కండువాతో ఒక తాత, ఆయన కాళ్ల దగ్గర పొట్ట ఉబ్బిన మేక. ముందురోజు ఫంక్షన్‌లో మిగిలిన బగారా అన్నం పెరట్లో పెడితే మొత్తం తినేసిందట. మేకలు ఒకేసారి అంత అన్నం తింటే కడుపులో పులిసి ప్రాణం మీదికి వస్తుంది, ఆయన కంగారు ఆయనది.

కాంపౌండర్ తలుపు దగ్గరికి వచ్చి, "యాదగిరి! యాదగిరి ఎవరు?" అని కేకేశాడు.

అమ్మ చున్నీ ముడి విప్పుకునేలోపు తాత లేచి, మేకను లాక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆయన పేరూ యాదగిరే. అమ్మ ఫోన్ పట్టుకుని వెనకాలే పరుగెత్తింది, కాబట్టి మిగతాదంతా నేను చెవులారా విన్నాను.

డాక్టరు చీటీ చూస్తూ, తల ఎత్తకుండా, "యాదగిరి. మగ. వయసు నాలుగేండ్లు, కదా?"

"నాకు డెబ్బై దాటినయి సారూ."

"రేబిస్ టీకా. జర్మనీ పోవాలని రాసిండ్రు."

"నేనెందుకు పోత సారూ జర్మనీకి? నా మేక కడుపుబ్బింది, గది జూడుండ్రి!"

అప్పుడు డాక్టరు తల ఎత్తారు. గదిలో అందరికన్నా ముందు నవ్వింది తాతే. డాక్టరు టీకా సంగతి పక్కన పెట్టి ముందు మేకను చూశారు, అదే సరైన పని. పొట్టలో గాలి తీసి, మందు తాగించి, మేక నిలకడగా నిలబడ్డాకే గిరి వంతు వచ్చింది. తాత వెళ్లిపోలేదు. సూది వేస్తుంటే గిరి తల నిమిరి, "నా పేరు పెట్టుకున్నవ్ బిడ్డా, మంచిగ పోయిరా" అన్నారు. ఆ తర్వాత కూరగాయల మార్కెట్‌లో అమ్మ ఎప్పుడు కనబడినా ఆయన మొదట అడిగేది, "యాదగిరి పోయిండా?"

రక్తం తీసిన రోజు డాక్టరు స్టెత్ పెడితే గుండె చప్పుడు వినబడలేదు, గిరి అంత గట్టిగా గుర్రుమంటున్నాడు. పిల్లులు సంతోషంలోనే కాదు, భయం వేసినా గుర్రుమంటాయి. డాక్టరు నింపాదిగా లేచి వెళ్లి వాష్‌బేసిన్ కొళాయి తిప్పారు. నీళ్ల చప్పుడుకి గిరి చెవులు నిక్కించి గుర్రు ఆపేశాడు, ఆయన ఆ కాసేపట్లో గుండె విని, మళ్లీ కొళాయి కట్టేశారు. మనుషుల ఆసుపత్రిలో పనిచేసే నేను ఆ చిట్కా చూసి చప్పట్లు కొట్టబోయాను.

రిపోర్టు బాగానే వచ్చింది. ఇక మిగిలింది బరువు. మేం ఎక్కబోయే విమానంలో పిల్లిని మనతోపాటు సీటు కింద పెట్టుకోవాలంటే, బ్యాగుతో కలిపి 8 కిలోలు దాటకూడదు. బ్యాగు ఒక కిలో పైచిలుకు. గిరి ఎంత? డాక్టరు దగ్గరి తూకం మీద వాడు క్షణం నిలబడడు. "మీరు ఎత్తుకుని నిలబడండి అమ్మా, తర్వాత మీ బరువు తీసేద్దాం" అన్నారు డాక్టరు. అంతమంది ముందు తన బరువు గట్టిగా చదివితే ఒప్పుకోనని అమ్మ ఖరాఖండిగా చెప్పింది. చివరికి బయట ఉన్న ఆటో అన్నను పిలిచారు. ఆయన చెప్పులు విడిచి, గిరిని చంటిపిల్లాడిలా భుజాన వేసుకుని తూకం ఎక్కాడు. లెక్క తీస్తే గిరి ఏడు కిలోల 400 గ్రాములు.

అందరూ అమ్మ వైపు చూశారు. పెరుగన్నం, పాలు, పండగైతే నెయ్యి. డాక్టరు ఓపిగ్గా చెప్పారు: ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు, వాటికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం కావాలి, అది పెరుగన్నంలో సరిపడా ఉండదు. అలాగని ఒక్కసారిగా కడుపు మాడ్చకూడదు. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణానికే ముప్పు. వారానికి ఒంటి బరువులో 1 శాతం చొప్పున తగ్గిస్తే చాలు. ఎలాగూ మూడు నెలల గడువు ఉంది.

అమ్మ గిన్నె కొలిచి ఉడికించిన చికెన్ పెట్టడం మొదలుపెట్టింది. మా ఇంట్లో గురువారాలు నీసు వండరు, అయినా గిరికి మాత్రం పెరట్లో వేరే పొయ్యి మీద ఉడికించింది. బ్యాగును హాల్లో తెరిచి ఉంచి, లోపల తన పాత చీర పరిచింది. వారం తిరిగేసరికి వాడు అందులోకి తనంతట తానే వెళ్లి పడుకున్నాడు. అప్పటిదాకా ప్రతిసారీ బుట్టలోంచి బయటపడి ఆటో హ్యాండిల్ మీదికి ఎక్కిన పిల్లి.

నేను సెలవు మీద వచ్చి తీసుకెళ్లాను. శంషాబాద్ కౌంటర్‌లో తూకం 7.9 చూపించింది. సెక్యూరిటీ దగ్గర బ్యాగు మెషీన్‌లోకి, పిల్లి నా చేతుల్లో. పేరేంటని అడిగిన సీఐఎస్‌ఎఫ్ అమ్మాయి, చెప్పగానే రెండు చేతులూ జోడించింది.

ఇక్కడి డాక్టరు దగ్గర అంతా టైము ప్రకారమే. కుక్కలు ఒక వైపు, పిల్లులు ఒక వైపు, బ్యాగుల మీద గుడ్డలు కప్పి, ఎవరూ ఎవరితో మాట్లాడరు. పిల్లిని మా ఇంటిపేరుతో కలిపి పిలిచారు. మంచి డాక్టరు, చేయి చాలా నెమ్మది. కానీ నాకు ఆ బెంచీ మీద మేక తాత కావాలనిపించింది. వార్డులో గిరి ఫొటో చూపించాక నా పేషెంట్లు, రోజూ మౌనంగా ఉండే ముసలివాళ్లు కూడా, తమ పిల్లుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. రౌండ్‌కి వెళ్తే మందులకన్నా ముందు వాడి కబురే అడుగుతారు.

వాడు ఇంకా కాస్త లావేనని ఇక్కడి డాక్టరు అంటే, వీడియోలో అమ్మకు కోపం వచ్చింది. "అంత కష్టపడి తగ్గించిన, ఇంక తగ్గిస్తే ఏముంటది వానికి?" అంది. టీకా బూస్టర్ గడువు దాటితే రక్తపరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయించాలి, లేకపోతే వాడిని సెలవులకు ఇంటికి తీసుకెళ్లి తిరిగి తేలేను. ఆ తేదీ వంటింటి క్యాలెండర్‌లో అమ్మ ఎర్రపెన్నుతో రాసిపెట్టుకుంది. వారం ముందు నుంచే ఫోన్లు మొదలవుతాయి: "అపాయింట్‌మెంట్ తీసుకున్నవా? పోయినప్పుడు నాకు కూడా కాల్ కలుపు, నేనూ చూస్త."