బెల్లంతో ఒక సీజన్: మార్చి నుంచి జూలై దాకా

మార్చి, రెండో వారం

బెల్లం, అంటే మా అమ్మాయి స్వారీ చేసే పోనీ (పొట్టి గుర్రం), మా చేతికొచ్చి ఐదు నెలలైంది. కొన్నది కాదు, లోన్‌కి తెచ్చుకున్నాం. బ్యాంకు లోన్ అనుకునేరు, అది కాదు. ఆ గుర్రం అసలు యజమానిదే. దాణా, నాడాలు, డాక్టరు, ఇన్సూరెన్సు ఖర్చు మాత్రం మాది. యజమాని కూతురు పొడుగైపోయి కాళ్లు కిందికి వేలాడుతుంటే మాకిచ్చారు. మా అమ్మాయి పొడుగైపోతే మేమూ ఇంకొకరికి అప్పగించాలి. ఇంగ్లండ్‌లో మంచి పోనీలు చాలావరకు ఇలా ఇంటినుంచి ఇంటికి తిరుగుతుంటాయి.

అది కనెమారా జాతిది. ఐర్లండ్ పడమటి తీరం పోనీ. ఒళ్లంతా అచ్చు బెల్లం రంగు, జూలు నలుపు. దాని గుర్తింపు పాస్‌పోర్టులో నోరు తిరగని ఐరిష్ పేరుంది. గుర్రం పేరు మారిస్తే అరిష్టమని ఇక్కడి వాళ్ల నమ్మకం, అందుకని ఆ పేరు అలాగే ఉంచేసి పిలుపుకి మాత్రం బెల్లం అనుకున్నాం. తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "పోనీ ఏంట్రా, పోనీలే అన్నట్టు?" అంది. గుర్రప్పిల్లనుకుంది. పోనీ అంటే పిల్ల కాదు, పెరగడం అయిపోయిన పొట్టి గుర్రమే. అంతర్జాతీయ పోటీల్లో నాడా లేకుండా 148 సెంటీమీటర్లు దాటకూడదు. బెల్లం 146. ఏడేళ్లు నిండాక కొలిపించిన సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మా ఇళ్లల్లో గుర్రం అంటే పెళ్లికొడుకు ఊరేగింపో, మలక్‌పేట రేసులో, హైదరాబాద్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ వాళ్ల ట్రైనింగో. మా అమ్మాయి ఆడే ఈవెంటింగ్ అంటే ఏమిటో నాకూ మూడేళ్ల క్రితం దాకా తెలీదు. ఒకే జంట (గుర్రం, దాని మీద మనిషి) మూడు పరీక్షలు రాయాలి. మొదట డ్రెస్సాజ్: గీతల మధ్య చెప్పిన చోట చెప్పిన నడక. తర్వాత షో జంపింగ్: తగిలితే పడిపోయే రంగు కర్రల మీదుగా దూకడం. చివర క్రాస్‌కంట్రీ: పొలాల్లో, నీళ్లల్లో, కదలని దుంగల మీదుగా. అన్నింట్లో వచ్చేవి తప్పుల మార్కులే, తక్కువ వచ్చినవాళ్లు గొప్ప. డ్రెస్సాజ్‌లో వచ్చిన శాతాన్ని వందలోంచి తీసేస్తే మొదటి అంకె వస్తుంది. కర్ర పడితే 4. క్రాస్‌కంట్రీలో గుర్రం మొరాయిస్తే 20, అదే కంచె దగ్గర రెండోసారైతే ఇంకో 40, మూడోసారి ఇంటికే. ఆలస్యమైతే సెకనుకి 0.4.

ఈ ఏడాది లక్ష్యం రెండు మెట్లు. జాతీయ పోనీ ట్రయల్స్‌లో (ఎంపిక పోటీల్లో) పరువుగా పూర్తి చేయడం ఒకటి. పోనీ క్లబ్ (పిల్లల గుర్రపు స్వారీ సంఘం) బ్రాంచ్ టీమ్‌లో చోటు ఇంకొకటి. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ టీమ్ అనేది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, కానీ అందరి మనసులో ఉంది. అందులో 12 నుంచి 16 ఏళ్ల వాళ్లే ఆడాలి. మా అమ్మాయికి ఇప్పుడు 15.

ఏప్రిల్, మొదటి ఆదివారం

సీజన్‌లో మొదటి పోటీ, మీటరు ఎత్తు కంచెల క్లాసు. డ్రెస్సాజ్ 36.5, జంపింగ్ సున్నా, క్రాస్‌కంట్రీ దూకుళ్లు సున్నా, టైమ్ 12.4. మొత్తం 48.9.

12.4 అంటే 31 సెకన్ల ఆలస్యం. ఒక్క కంచె కూడా తప్పకుండా ఇంత ఎక్కడ పోయిందో వీడియో చూస్తే తెలిసింది. ప్రతి కంచె ముందూ పగ్గాలు లాగి, నెమ్మదించి, దూకాక మళ్లీ వేగం అందుకోవడం. ఒక్కోచోట ఒక సెకను, ఒకటిన్నర. ఇరవై నాలుగు దూకుళ్లకు అదే ముప్పై.

కోచ్ చెప్పిన మందు: నిమిషం గుర్తులు. ఈ క్లాసులో వేగం నిమిషానికి 475 మీటర్లు. ఈసారి కోర్సు 2,375 మీటర్లు, అంటే సరిగ్గా 5 నిమిషాలు. కోర్సు నడిచేటప్పుడు దూరం కొలిచే చక్రం తోసుకుంటూ వెళ్లి, ప్రతి 475 మీటర్ల దగ్గర కనబడే వస్తువు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఓక్ చెట్టు, గేటు, టాయిలెట్ వ్యాన్. చేతి గడియారం నిమిషానికోసారి బీప్ అంటుంది. ఆ గుర్తు దాటే ముందే బీప్ వినబడితే వెనకబడ్డట్టు. చక్రం తోయడం నా డ్యూటీ. బురదలో తిరగదని, గుంటల్లో దూరం తప్పు చూపిస్తుందని రెండుసార్లు నడిచాక తెలుసుకున్నాను.

ఏప్రిల్ చివర

గుర్రాన్ని ఎక్కించి కారుతో లాగే ట్రైలర్‌కి వేరే లైసెన్సు కావాలా అని అడిగిన తమ్ముడి కోసం ఇక్కడే రాస్తున్నా. 2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే ఇక్కడ 3,500 కిలోల దాకా లాగొచ్చు, వేరే పరీక్ష అక్కర్లేదు. మా ట్రైలర్ ఖాళీగా 900 కిలోలు, బెల్లం 400 దగ్గర. చట్టం ఒప్పుకున్నా కారు ఒప్పుకోవాలి, దాని పుస్తకంలో లాగే బరువు చూసుకోవాలి. నేను ఖాళీ ట్రైలర్‌తో సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో మూడు ఆదివారాలు రివర్స్ నేర్చుకున్నా. మలుపుల్లో నీళ్ల గ్లాసు ఒలక్కుండా నడిపినట్టు నడపాలి. పోనీ కాళ్లు తన్నిపెట్టుకుని నిలబడితే దిగేసరికే సగం అలిసిపోతుంది.

ఇంకో ఖర్చు. చిన్నప్పుడు ఖాళీగా కూర్చుంటే మా నాన్న "గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నావా" అనేవాడు. ఈ వారం నేను నిజంగానే గుర్రం పళ్లు అరగదీయడానికి ఒక మనిషిని పిలిపించి డబ్బిచ్చాను. గుర్రం పళ్లు అరిగేకొద్దీ ఏళ్ల తరబడి చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి. అంచులు పదునెక్కితే కళ్లెం దగ్గర బుగ్గ కోసుకుపోయి తల విదిలిస్తుంది. తల విదిలిస్తే డ్రెస్సాజ్ మార్కులు పోతాయి. ఆ 36.5లో కొంత పళ్లదేనని నా అనుమానం.

మే, రెండో వారం

భయపడ్డ వారం. శుక్రవారం సాయంత్రం ముందు గిట్టలు వేడిగా తగిలాయి, నడకలో తడబాటు. లామినైటిస్ మొదలవుతోందా అని డాక్టరుని పిలిచాం. వసంతంలో పచ్చిగడ్డిలో తీపి ఎక్కువ. కనెమారా లాంటివి రాళ్ల నేలల్లో పిడికెడు గడ్డితో బతకడానికి పుట్టిన జాతులు, వాటికి ఈ పచ్చిక పెళ్లి భోజనం కింద లెక్క. గిట్ట లోపల ఎముకను పట్టి ఉంచే పొర వాచిందంటే సీజన్ కాదు, పోనీయే పోవచ్చు. అదృష్టం, డాక్టరు అది కాదన్నారు, గట్టి నేల మీద పరిగెత్తినందుకు గిట్టల నొప్పి అన్నారు. అయినా అప్పట్నుంచి పద్ధతి మార్చాం. పగలు స్టేబుల్లో నానబెట్టిన ఎండుగడ్డి, రాత్రి మాత్రమే మేత, మూతికి చిల్లుల బుట్ట. వారానికోసారి టేపుతో పొట్ట చుట్టుకొలత. గడ్డిని నీళ్లల్లో గంట నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత చక్కెర పోతుంది. ఆ తడి గడ్డి బరువు మోస్తే నా నడుం కూడా పోతుంది.

మే, చివరి వారం: మొదటి ట్రయల్

డ్రెస్సాజ్ 34.2. ఒక కర్ర, 4. క్రాస్‌కంట్రీలో ఒకసారి పక్కకు తప్పుకుంది, 20. ఆలస్యం 24 సెకన్లు, 9.6. మొత్తం 67.8. చివరినుంచి లెక్కపెడితే తొందరగా దొరికే చోటు.

ఇక్కడ వేగం పెరిగింది. 2,600 మీటర్లు, 5 నిమిషాలు. కంచెలు పెద్దవి కావడం కంటే ప్రశ్నలు పెద్దవి. తప్పుకున్నది కార్నర్ దగ్గర. త్రికోణం ఆకారంలో దుంగ, ఒక పక్క సన్నగా, ఇంకో పక్క దూకలేనంత వెడల్పు. సన్నని కొసకు దగ్గరగా దూకాలి, కానీ ఒక అడుగు అటు జరిగితే పోనీకి తప్పుకునే దారి కనిపిస్తుంది. బెల్లం తెలివైనది, కనబడ్డ దారిలో పోయింది. అమ్మాయి ఏడవలేదు, ట్రైలర్ వెనక కూర్చుని నాడాల్లో స్టడ్స్ ఊడదీస్తూ "నేనే చూపించా దారి" అంది.

స్టడ్స్ అంటే నాడాకున్న రంధ్రాల్లో బిగించే ఇనుప మేకులు. నేల గట్టిగా ఉంటే చిన్న మొన తేలినవి, బురదైతే పెద్ద చదరపువి. పోటీ ముందు రోజు రాత్రే రంధ్రాలు శుభ్రం చేసి నూనె దూది కుక్కిపెట్టుకుంటే పొద్దున అరగంట మిగులుతుంది. మేం ఆ రోజు కుక్కలేదు. వామప్‌కి పది నిమిషాలు లేటు. ఆ కర్ర పడింది అందుకేనని నా లెక్క, అమ్మాయి ఒప్పుకోదు.

తిరిగొచ్చాక రెండు నీలం డ్రమ్ములు, మూడు కర్రలతో పొలంలో ఒక నకిలీ కార్నర్ కట్టాం. మొదట మోకాలెత్తు, వెడల్పు మూరెడు. రోజూ ఆరు దూకుళ్లు, ఏడోది ఎంత అడిగినా లేదు. ఫిట్‌నెస్‌కి వారంలో రెండు రోజులు: నాలుగు నిమిషాలు కాంటర్ (మధ్యరకం పరుగు), మూడు నిమిషాలు నడక, అలా మూడుసార్లు. ఆపాక పది నిమిషాలకు గుండె వేగం ఎంతకు దిగిందో నేను పుస్తకంలో రాస్తా.

జూన్, మూడో వారం: రెండో ట్రయల్

డ్రెస్సాజ్ 31.8! పగ్గాలు వదులు చేసి తల కిందికి చాపి నడిచే చోట పదికి 8 వచ్చింది. ఆ ఒక్క కదలికకు మార్కులు రెండింతలు, అయినా ఇన్నాళ్లు దాన్ని విశ్రాంతి అనుకుని వదిలేశాం. ఒక కర్ర, 4. క్రాస్‌కంట్రీలో తప్పుల్లేవు, కార్నర్ సూటిగా. 6 సెకన్లు, 2.4. మొత్తం 38.2.

ఒక నెలలో దాదాపు 30 తగ్గించిన పిల్లని చూసి నేను ఫోన్‌లో అందరికీ పంపేశాను. ముందున్నవాళ్లు 30 లోపల ముగించారని తర్వాత చూశాను. యూరోపియన్ స్క్వాడ్‌లో పేరు రాలేదు.

ఎంపిక గురించి నాకు అర్థమైనంత. యూరోపియన్ టీమ్‌లో నలుగురు, వాళ్లలో మంచి మూడు స్కోర్లే కలుపుతారు. అందుకని ఒకరోజు మెరిసినవాళ్లకంటే నాలుగుసార్లు అదే అంకె తెచ్చేవాళ్ల మీద కన్నుంటుంది. పెద్ద ఛాంపియన్‌షిప్ ఒక్క పూటలో అయిపోదు. క్రాస్‌కంట్రీ మర్నాడు పొద్దున్నే డాక్టర్ల ముందు పోనీ కుంటకుండా ట్రాట్ (చిన్న పరుగు) చేసి చూపించాలి, అప్పుడే షో జంపింగ్‌కి వదులుతారు. మా బెల్లం గిట్టలు మేలో వేడెక్కినవే. సెలెక్టరు నేనైనా ఆగేవాణ్ణి. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, అమ్మాయికి ఒక పూట.

2018లో ఈ పోనీ యూరోపియన్లు మాకు దగ్గర్లోనే, బిషప్ బర్టన్‌లో జరిగాయి. అప్పుడు మేం అటువైపు స్ట్రాబెర్రీలు కోసుకోవడానికి వెళ్లేవాళ్లం.

"ఇండియా తరఫున ఆడకూడదా?" అని మా అమ్మ. ఆడకూడదు. పాస్‌పోర్టు ఏ దేశానిదైతే ఆ దేశానికే. దీనిది బ్రిటిష్ పాస్‌పోర్టు, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఓసీఐ కార్డుతో వీసా లేకుండా రావచ్చు గానీ జెండా పట్టుకోలేదు. గోడ మీద మాత్రం ఫువాద్ మీర్జా ఫొటో ఉంది. బెంగళూరు కుర్రాడు, 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రెండు వెండి పతకాలు, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం.

జూలై, మొదటి వారం

పోనీ క్లబ్ బ్రాంచ్ టీమ్ ప్రకటించారు. బ్రాంచ్‌కి పెద్దని డిస్ట్రిక్ట్ కమిషనర్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు కలెక్టరేమో అనుకుని చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. బురద బూట్లతో ఒకావిడ చక్రాల బండి తోస్తోంది, ఆవిడే. ఆవిడ ఎంచిన నలుగురిలో మా అమ్మాయి ఉంది. పైగా మొదట వెళ్లేది తనే.

మొదట వెళ్లేవాళ్లకు ముందు కోర్సు ఎలా నడుస్తుందో చెప్పేవాళ్లుండరు. తమకు ఎక్కడ తేడా వచ్చినా ఆ కబురు వెనకున్న ముగ్గురికి మోసుకురావాలి. అందుకని టీమ్‌లో అందరికంటే మెరుపుగా పరిగెత్తే జంటని చివరికి దాచుకుని, నమ్మకంగా చుట్టొచ్చే జంటని ముందు పంపుతారు. మంచి మూడే లెక్క కాబట్టి అదనపు ధైర్యం ఒకటి ఉంటుంది.

సామాను తనిఖీకి కట్టుకుంటున్నాం. హెల్మెట్ మీద ఒప్పుకునే ప్రమాణం ముద్ర ఉండాలి, క్రాస్‌కంట్రీకి ముందు అంచు లేనిదే. ఒక్కసారి తల కొట్టుకుందా, బయటికి ఏమీ కనబడకపోయినా పారేయాలి. సెకండ్ హ్యాండ్ జీను కొనండి, సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాత్రం కొనొద్దు. ఛాతీ కవచం లెవెల్ 3. చేతికి కట్టే మెడికల్ కార్డులో అలర్జీలు, నా నంబరు. పోనీ పాస్‌పోర్టు మర్చిపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి.

జూలై, మూడో ఆదివారం: పోనీ క్లబ్ ఏరియా పోటీ

నాలుగున్నరకి లేచాం. డ్రెస్సాజ్ 30.5, ఇంతవరకూ తన బెస్ట్. జంపింగ్ సున్నా. క్రాస్‌కంట్రీ తొమ్మిది గంటల నలభైకి.

పదకొండో కంచె నీళ్లల్లోకి దిగడం. నిన్న సాయంత్రం నడిచినప్పుడు అదొక ఆకుపచ్చ గుంట. పొద్దున తొమ్మిదిన్నరకి ఎండ సూటిగా పడి అద్దంలా ఉంది. బెల్లం అంచు దాకా వచ్చి, అద్దంలోకి చూసి, ఆగిపోయింది. 20. రెండోసారి కంచె హద్దు చెప్పే ఎడమ జెండా పక్కగా, చెట్టు నీడ పడ్డచోటునుంచి తెచ్చింది, దిగింది. 8 సెకన్ల ఆలస్యం, 3.2. మొత్తం 53.7.

గీత దాటి దిగగానే జీను వార్లు వదులు చేసి, నీళ్ల బకెట్ నాకు వదిలేసి, హెల్మెట్ తియ్యకుండానే వామప్ వైపు పరిగెత్తింది. నేను బెల్లం మెడ మీద చన్నీళ్లు పోసి తిప్పుతూ దూరంనుంచి చూస్తున్నా. చేతులతో గాలిలో నీళ్ల గుంట గీస్తోంది, ఎడమ జెండా ఎక్కడో చూపిస్తోంది. మిగతా ముగ్గురూ ఎడమ పక్కగానే దిగారు. ముగ్గురికీ తప్పుల్లేవు.

మా టీమ్ మొదటి స్థానం. మంచి మూడు కలిపారు, నాలుగోది తీసేశారు. ఎరుపు రోజెట్లు (రిబ్బను పూలు) నాలుగిచ్చారు, ఇక్కడ మొదటి బహుమతికి ఎరుపే.

రాత్రి మా అమ్మకి ఫోన్.

"గెలిచారా?"

"గెలిచారమ్మా."

"దానికెన్ని మార్కులొచ్చాయి?"

"దాని మార్కులు కలపలేదు."

"అదేం లెక్కరా," అంది మా అమ్మ. అమ్మాయి ఫోన్ లాక్కుని, నీళ్ల గుంట కథ మొదటినుంచి మొదలుపెట్టింది.

మంగళవారం నాడాలు కొట్టే ఆయన వస్తున్నాడు. ఆగస్టులో పోనీ క్లబ్ ఛాంపియన్‌షిప్‌కి రెండు రాత్రుల స్టేబుల్ బుక్ చేశాం, నానబెట్టే గడ్డి మనమే పట్టుకెళ్లాలట. ఈ వారమంతా పొద్దున తొమ్మిదింటికి, ఎండ తగిలే నీళ్లు ఎక్కడుంటే అక్కడికి బెల్లంతో షికారు.